ప్రెస్పా ఒడ్డున ఆ ఊరి భాష ఎలా పోయింది? ప్రభుత్వం పోగొట్టిందా, జనమే వదిలేశారా?

నల్లమల:

పోయినసారి భాషల మీద జరిగిన చర్చలో ఒకరు "ఏ భాషనీ ఎవరూ చంపరు, మాట్లాడేవాళ్ళే వదిలేస్తారు" అని రాశారు. చాలామంది అవునన్నారు కూడా. నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఊరికే వాదించుకోవడం కాకుండా ఒక్క ఊరిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఊరి పేరు ఆగియోస్ గెర్మానోస్. గ్రీస్‌కి వాయవ్య మూలన, ఫ్లోరినా జిల్లాలో, ప్రెస్పా సరస్సుల పైనున్న కొండవాలులో ఉంటుంది. గ్రీస్, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా సరిహద్దులు మూడూ పెద్ద ప్రెస్పా నీళ్ళలోనే కలుస్తాయి. ఒట్టోమన్ పాలనలో ఈ ఊరి పేరు గెర్మన్. బాల్కన్ యుద్ధాలయ్యాక 1913లో బుకారెస్ట్ ఒప్పందంతో గ్రీస్‌లో కలిసింది. అప్పటికి ఊళ్ళో ఎక్కువమంది ఇళ్ళల్లో మాట్లాడుకునేది స్లావిక్ భాష. దాన్ని మాసిడోనియన్ అనేవాళ్ళున్నారు, బల్గేరియన్ మాండలికం అనేవాళ్ళున్నారు. ఆ గొడవ ఇక్కడికి తేవద్దని మనవి. దాని మీద మొదలైతే అసలు విషయం పక్కకి పోతుంది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. 1920లలో ఆసియా మైనర్ నుంచి వచ్చిన క్రైస్తవ శరణార్థులు కొందరిని ఇక్కడ దింపారు. వాళ్ళు నల్ల సముద్రం వైపు నుంచి వచ్చిన పోంటిక్ జనం. ఆ దశాబ్దంలోనే ఆ ప్రాంతంలో వందల ఊళ్ళకి గ్రీకు పేర్లు పెట్టారు, గెర్మన్ కూడా అలాగే ఆగియోస్ గెర్మానోస్ అయింది. 1946 నుంచి 1949 దాకా ప్రభుత్వ సైన్యానికీ కమ్యూనిస్టులకీ మధ్య అంతర్యుద్ధం. అది ముగిసేసరికి ప్రెస్పా ఊళ్ళు చాలావరకు ఖాళీ. 1950లలో ఆ ఖాళీ ఇళ్ళల్లోకి వ్లాహ్ కుటుంబాలని తెచ్చి పెట్టారు. వాళ్ళ భాష లాటిన్ నుంచి పుట్టింది, రొమేనియన్‌కి చుట్టం. 1990ల నుంచి చిక్కుడు పొలాల్లో పనికి అల్బేనియన్లు వస్తున్నారు. 1993లో రీకీ వాన్ బూస్ఖోటెన్ అనే పరిశోధకురాలు ఫ్లోరినా జిల్లా ఊళ్ళు తిరిగి చూసినప్పుడు ఈ ఊళ్ళో పాత స్లావిక్ కుటుంబాలు, శరణార్థుల వారసులు, వ్లాహ్‌లు ముగ్గురూ కనిపించారు. ఇప్పుడు ఊళ్ళో రెండు వందల మందికి అటూ ఇటూ ఉంటారు. కాఫీ కొట్లో వినిపించేది గ్రీకు.

వందేళ్ళలో ఒక ఊరి మాట మొత్తం మారిపోయింది. దీన్ని "వదిలేశారు" అనగలమా? అనగలిగితే ఎవరు, ఎప్పుడు, ఎందుకు వదిలేశారో చెప్పండి.

కావేరి:

నల్లమల గారూ, చాలా మంచి ఉదాహరణ ఎంచుకున్నారు. నా జవాబు సూటిగా చెప్తాను: ప్రభుత్వం పోగొట్టింది. రాతపూర్వకంగా, చట్టాలు చేసి మరీ పోగొట్టింది.

1936 ఆగస్టులో గ్రీస్‌లో జనరల్ మెటాక్సాస్ నియంతృత్వం వచ్చాక బయట స్లావిక్‌లో మాట్లాడితే జరిమానా వేసేవాళ్ళు. పెద్దవాళ్ళకి గ్రీకు నేర్పడానికి రాత్రి బళ్ళు పెట్టారు. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ముసలమ్మ రాత్రి పలక పట్టుకుని కూర్చోవాలి. నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అక్కడ కొత్త భాష నేర్పింది పాతదాన్ని మాన్పించడానికి. ఇంటిపేర్లు కూడా గ్రీకులోకి మారిపోయాయి.

అంతకుముందు ఒక్కసారి దారి కాస్త తెరుచుకున్నట్టు కనిపించింది. 1925లో ఏథెన్స్‌లో ప్రభుత్వమే ఈ పిల్లల కోసం 'అబెసెదార్' అని ఒక వాచకం అచ్చువేయించింది. లాటిన్ లిపిలో, ఫ్లోరినా, సరిహద్దుకి అవతల ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని బితోలా వైపు మాండలికంలో. బల్గేరియా, సెర్బియా రెండూ అభ్యంతరం చెప్పాయి, గ్రీస్ లోపలా వ్యతిరేకత వచ్చింది. చివరికి ఆ పుస్తకం ఏ బడిలోనూ పాఠం కాలేదు. అచ్చయిన వాచకం పిల్లల చేతికి రాకుండానే పోయింది. దీన్ని "జనం వదిలేశారు" అంటారా?

అంతర్యుద్ధం తర్వాత సంగతి ఇంకా ఘోరం. 1953లో 2536 నంబరు చట్టం చేశారు. సరిహద్దు ప్రాంతాల్లో జనాన్ని మళ్ళీ స్థిరపరచడం దాని ఉద్దేశం. పారిపోయి తిరిగిరానివాళ్ళ ఆస్తులు పోయాయి. ఆ ఇళ్ళూ పొలాలూ ప్రభుత్వం నమ్మకస్తులనుకున్నవాళ్ళకి దక్కాయి. 1959 వేసవిలో ఫ్లోరినా దగ్గర ఆత్రపోస్‌లోనూ, కస్తోరియా, కొజానీ జిల్లాల్లో ఇంకో రెండు ఊళ్ళలోనూ ఏం జరిగిందో చూడండి. ఊరి జనమంతా ఒకచోట చేరి, ఇకమీదట ఆ స్లావిక్ నుడి మాట్లాడబోమని దేవుడి ముందు, అధికారుల ఎదురుగా ప్రమాణం చేశారు. అది పత్రికల్లో కూడా వచ్చింది. అమ్మ నేర్పిన మాట ఇంక నోట రానివ్వనని ఊరు ఊరంతా ఒట్టేసుకోవాలంటే ఆ ఊరి మీద ఎంత భయం కమ్మి ఉండాలి?

సుబ్బారావు మాస్టారు:

కావేరి గారు చెప్పిన ఘటనలు జరిగినవే. నేను వాటిని కాదనను, సమర్థించను. కానీ కారణం అక్కడ ఉందని నేననుకోను. ఎందుకంటే జరిమానాలు లేని చోట కూడా ఇదే జరిగింది.

అర్వనీతికా సంగతి చూడండి. అది అల్బేనియన్ కుటుంబానికి చెందిన భాష. ఏథెన్స్ చుట్టుపక్కల ఆటికా పల్లెల్లో, హైడ్రా, స్పెట్సెస్ ద్వీపాల్లో శతాబ్దాలుగా మాట్లాడారు. 1821 స్వాతంత్ర్య యుద్ధంలో ఓడలు నడిపిన వీరుల్లో చాలామంది ఆ భాషవాళ్ళే. 1924లో గ్రీస్ మొదటి అధ్యక్షుడైన పావ్లోస్ కుందురియోతిస్ హైడ్రా అర్వనీతి కుటుంబంవాడు. వాళ్ళని ఎవరూ శత్రువులుగా చూడలేదు, నెత్తిన పెట్టుకున్నారు. అయినా ఆ భాష ఈరోజు ముసలివాళ్ళ నోట్లో మాత్రమే ఉంది.

త్సాకోనియన్ ఇంకో ఉదాహరణ. పెలొపొన్నెసస్‌లో లెయొనీదియో చుట్టూ మాట్లాడే గ్రీకు రూపమే అది, ప్రాచీన డోరిక్ నుంచి వచ్చింది. స్పార్టా వారసత్వం అని గర్వంగా చెప్పుకునే భాష. దానికీ అదే గతి పట్టింది.

శరణార్థుల సంగతి కూడా చూడాలి. 1923 జనవరిలో గ్రీస్, టర్కీల మధ్య లోజాన్‌లో కుదిరిన జనమార్పిడి ఒప్పందం మతాన్ని చూసింది, భాషని చూడలేదు. టర్కీ నుంచి 12 లక్షల పైచిలుకు ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కి వచ్చారు. సుమారు మూడున్నర లక్షల ముస్లింలు అటు వెళ్ళారు. వచ్చినవాళ్ళలో చాలామందికి టర్కిష్ తప్ప వేరే మాట రాదు. 1928 జనాభా లెక్కల్లో టర్కిష్ మాట్లాడే ఆర్థడాక్స్ వాళ్ళు లక్ష మందికి పైనే తేలారు. వెళ్ళినవాళ్ళలో క్రీట్ ముస్లింలు ఉన్నారు, వాళ్ళు మాట్లాడేది గ్రీకు! ఇటు వచ్చినవాళ్ళ మనవలకి టర్కిష్ రాదు, పోంటిక్ కూడా అంతంత మాత్రం. నడి టర్కీలో మాట్లాడిన కప్పడోకియా గ్రీకు పూర్తిగా పోయిందనే పండితులు అనుకున్నారు. 2005లో ఇద్దరు పరిశోధకులకి ఆ భాషలో ఒక రకం మాట్లాడేవాళ్ళు కనిపించడం పెద్ద వార్త అయింది.

ఒకే ఊళ్ళో స్లావిక్ పోయింది, పోంటిక్ పోతోంది, వ్లాహ్ పోతోంది. మూడింటినీ మింగింది ఒకటే: బడి, సైన్యం, టీవీ, పట్నంలో ఉద్యోగం. మన పిల్లాడు వెనకబడకూడదని తల్లిదండ్రులు అనుకున్న రోజే భాష దారి మారుతుంది. దానికి పోలీసు అక్కర్లేదు.

రఘురాం వైజాగ్:

నేను మాస్టారితో పూర్తిగా ఏకీభవించను గానీ ఇక్కడ ఎవరూ గ్రీస్ వైపు నుంచి మాట్లాడటం లేదు కాబట్టి ఒక మాట చెప్పాలి.

1941లో జర్మన్లు గ్రీస్‌ని ఆక్రమించాక గ్రీస్‌లోని తూర్పు మాసిడోనియా, థ్రేస్ ప్రాంతాలని చాలావరకు బల్గేరియాకి అప్పగించారు. అక్కడ గ్రీకులు పడ్డ బాధలు మామూలువి కావు. పశ్చిమాన కస్తోరియా, ఫ్లోరినా వైపు బల్గేరియా అనుకూలురు స్లావిక్ ఊళ్ళలో 'ఓహ్రానా' పేరుతో సాయుధ దళాలు కట్టారు. యుద్ధం అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపే అంతర్యుద్ధం. కమ్యూనిస్టు సైన్యంలో స్లావిక్ జనం పెద్ద సంఖ్యలో చేరారు. 1949 జనవరిలో గ్రీస్ కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశం (ఐదవ ప్లీనం) స్లావ్-మాసిడోనియన్లకి స్వయంనిర్ణయ హక్కు ఇస్తామని ప్రకటించింది. ఏథెన్స్‌లో కూర్చున్నవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? ఉత్తర జిల్లాలు దేశం నుంచి ఊడిపోతాయనే కదా! సరిహద్దుకి అవతల యుగోస్లావియా, బల్గేరియా, అల్బేనియా మూడూ కమ్యూనిస్టు రాజ్యాలే.

పసిపిల్లల నోట్లో మాటకి జరిమానా వెయ్యడం న్యాయం అని నేననడం లేదు. కానీ ఒక భాష మీద ద్వేషంతోనే ఇదంతా చేశారని రాస్తే చరిత్రకి సగం కళ్ళు మూసినట్టే. అది ముందు దేశం ముక్కలవుతుందన్న భయం. భాష ఆ భయానికి గుర్తుగా మారింది.

శ్రీదేవి మెల్‌బోర్న్:

నేను చరిత్ర చదివినదాన్ని కాదు. మెల్‌బోర్న్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఫ్లోరినా, కస్తోరియా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. అందుకే ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మా దగ్గర ఒక పెద్దావిడ ఉండేవారు. ఫైల్లో "మాతృభాష: గ్రీకు" అని రాసి ఉంది. డిమెన్షియా ముదిరేకొద్దీ ఇంగ్లీషు పోయింది, అది మాకు అలవాటే. తర్వాత గ్రీకు కూడా పోయింది. గ్రీకు తెలిసిన కేరర్ పలకరిస్తే మొహం తిప్పుకునేవారు. ఏదో గొణుగుతుంటే అర్థంలేని మాటలని చార్టులో రాశారు. ఒకరోజు రాత్రి డ్యూటీకి బితోలా నుంచి వచ్చిన అమ్మాయి వచ్చింది. మంచం పక్కన నిలబడి విని, "ఈవిడ నీళ్ళు అడుగుతున్నారు, కిటికీ వెయ్యమంటున్నారు" అని చెప్పింది. అర్థంలేని మాటలు కావవి, మాలో ఎవరికీ రాని భాష. ఆ అమ్మాయి తన యాసలో జవాబు చెప్పగానే పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడారు. మధ్యమధ్యలో ఆగి తలుపు వైపు చూసేవారు, ఎవరైనా వింటున్నారేమోనని. ఎనభై దాటిన మనిషి, గ్రీస్‌కి ఇంత దూరంలో!

ఆవిడ కొడుకు వచ్చినప్పుడు చెప్పాను. ఆయనకి అరవై దాటి ఉంటాయి. "అమ్మ ఆ భాష మాట్లాడుతుందని నాకు తెలుసు, మా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. నాన్నతో గొడవపడేటప్పుడు తలుపు వేసుకుని మాత్రం మాట్లాడేది" అన్నారు.

మాస్టారు గారూ, తల్లిదండ్రులు పిల్లల భవిష్యత్తు కోసం వదిలేస్తారన్నారు. ఆస్ట్రేలియాలో ఆ పిల్లలకి గ్రీకు వల్ల ఒరిగే భవిష్యత్తు ఏముంది? ఇక్కడ ఏ మాట మాట్లాడినా అడిగేవాళ్ళు లేరు. అయినా ఆవిడ తన మాట దాచుకుని పిల్లలకి గ్రీకు నేర్పారు. అది భవిష్యత్తు లెక్క కాదండీ, భయం. అది మనిషితో పాటు ఓడెక్కి వచ్చింది.

అలాగని ఇక్కడా అంతా సాఫీగా లేదు. 1994లో విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వమే మాసిడోనియన్ భాష పేరు పక్కన 'స్లావోనిక్' అని చేర్చాలని ఆదేశం ఇచ్చింది. చివరికి కోర్టులో అది వివక్ష అని తేలింది.

కావేరి:

శ్రీదేవి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు.

రఘురాం గారికి ఒకే ప్రశ్న. భయం 1949లో ఉంది, ఒప్పుకుంటాను. కానీ 1982 డిసెంబరులో సోషలిస్టు ప్రభుత్వం అంతర్యుద్ధ శరణార్థులు తిరిగి రావచ్చని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, "పుట్టుకతో గ్రీకులైనవాళ్ళు" మాత్రమే అని షరతు పెట్టింది. 1985లో ఆస్తులు తిరిగి ఇచ్చే చట్టానికీ అదే షరతు. ఒకే దళంలో పోరాడి, ఒకే దారిన పారిపోయిన ఇద్దరిలో ఒకరికి ఇల్లు తిరిగొచ్చింది, ఇంకొకరికి సరిహద్దు దాటడమే గగనమైంది. అప్పటికి గ్రీస్ ఐరోపా సమాజంలో సభ్య దేశం కూడా. ఏ సైన్యం దండెత్తి వస్తుందని ఈ షరతు?

నల్లమల:

అందరి మాటలూ విన్నాక నా అభిప్రాయం చెప్తాను. మాస్టారి వాదన బలమైనదే, కానీ ఆయన పక్కపక్కన పెట్టిన ఊళ్ళు ఒక్కలాంటివి కావు.

ఆటికాలో అర్వనీతికా తగ్గడానికి నాలుగైదు తరాలు పట్టింది. ఊరు ఊరుగానే ఉంది. తాత అక్కడే ఉన్నాడు, మనవడు అక్కడే ఉన్నాడు, మధ్యలో భాష పలచబడుతూ వచ్చింది. దాన్ని వదిలేయడం అంటే కొంతవరకు ఒప్పుకుంటాను. గెర్మన్‌లో అలా జరగలేదు. అక్కడ ముందు మాట్లాడేవాళ్ళు పోయారు.

1947 నుంచి 1949 దాకా ప్రెస్పా ప్రాంతం కమ్యూనిస్టు సైన్యం చేతిలో ఉంది. ఆ కాస్త కాలమే అక్కడి పిల్లలు తమ సొంత భాషలో బడికెళ్ళారు. డజన్ల కొద్దీ బళ్ళు తెరిచారు, పత్రికలు అచ్చయ్యాయి. 1948 వసంతంలో బాంబుల నుంచి కాపాడటానికని పిల్లల్ని సరిహద్దు దాటించడం మొదలైంది. మొత్తం 28 వేల మంది దాకా. స్లావిక్ ఊళ్ళ పిల్లలూ, గ్రీకు ఊళ్ళ పిల్లలూ అందులో ఉన్నారు. ఊరికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళని పిల్లలకి తోడిచ్చి కొండదారిన నడిపించారు. కొన్ని వారాల్లో పరిస్థితి సర్దుకుంటే తిరిగొస్తారని తల్లులకి చెప్పారు. చెకోస్లోవేకియా, రొమేనియా, హంగరీ, పోలండ్‌లలో హాస్టళ్ళకి చేరారు. 1949 ఆగస్టులో కమ్యూనిస్టుల స్థావరమైన వీత్సీ కొండలు ప్రభుత్వ సైన్యం చేతికి చిక్కాయి. మిగిలిన జనం ప్రెస్పా మీదుగా అల్బేనియాలోకి పారిపోయారు. అక్కడి నుంచి కొందరు తాష్కెంట్ దాకా వెళ్ళారు.

పిల్లలు లేరు, పిల్లల్ని కనే వయసువాళ్ళు లేరు. మిగిలింది ముసలివాళ్ళు, కొన్ని కుటుంబాలు. వాళ్ళ పక్కింట్లో పోంటిక్ కుటుంబం, ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన వ్లాహ్ కుటుంబం. పక్కింటివాళ్ళని ఉప్పు అడగాలన్నా గ్రీకే దిక్కు. దీన్ని పోలీసు చేశాడని అనలేం, తల్లిదండ్రులు చేశారని కూడా అనలేం. ఊరి జనాన్నే మార్చేశారు. భాష ఆ తర్వాత దానంతటదే పోయింది. 1928లో స్లావిక్ మాట్లాడేవాళ్ళు దాదాపు 82 వేలని గ్రీస్ లెక్కల్లోనే ఉంది, 1951కి 41 వేలు. 23 ఏళ్ళలో సగం! భయపడి చెప్పనివాళ్ళని కూడా కలుపుకున్నా, వాడుక మెల్లగా తగ్గడం వల్ల ఇంత పడిపోదు.

ఇంకొక తేడా కూడా ఉంది మాస్టారూ. పోంటిక్ వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా సంఘం పెట్టుకున్నారు. లైరా అనే తంత్రీవాద్యం వాయిస్తూ వాళ్ళ భాషలో పాడుకున్నారు, ఎవరూ ఆపలేదు. ఫ్లోరినా వైపు పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో స్లావిక్ పాటలకి బ్రాస్ బ్యాండు వరసలు మాత్రమే వాయించేవాళ్ళు. పాడటానికి లేదు. అందరికీ సాహిత్యం తెలుసు, అందరూ ఆ వరసకి చేతులు పట్టుకుని ఆడతారు, ఒక్కరూ నోరు విప్పరు. రెండు భాషలూ పోతూ ఉండవచ్చు. కానీ అవి పోయిన తీరు ఒకటి కాదు.

హోసూరు వెంకటేశ్:

జనాభా లెక్కల గురించి నల్లమల అన్న చెప్పింది చాలా ముఖ్యం. 1951 తర్వాత గ్రీస్ భాషల లెక్క మళ్ళీ బయటపెట్టలేదు. మాది తమిళనాడులో తెలుగు మాట్లాడే ప్రాంతం. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పుడు తెలుగు మీడియం పిల్లల కోసం మావాళ్ళు కోర్టుల దాకా వెళ్ళారు. అక్కడ చేతిలో పట్టుకెళ్ళడానికి ఒక కాగితం ఉంది. 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగువాళ్ళు 42 లక్షలని ప్రభుత్వమే అచ్చువేసింది. ఫ్లోరినావాడు కోర్టుకెళ్తే "మీరెంతమంది?" అని జడ్జి అడిగితే ఏం చూపిస్తాడు? మా పరిస్థితీ వాళ్ళదీ ఒకటే అని నేననడం లేదు, మాకు యుద్ధాలు లేవు. లెక్కలో లేనివాడు వాదనే మొదలుపెట్టలేడని మాత్రం చెప్తున్నాను.

సుబ్బారావు మాస్టారు:

నల్లమలా, ఊరిని ఖాళీ చేసిన సంగతి నువ్వు బాగా చెప్పావు. అయినా నా మాట ఒకటి మిగిలే ఉంది. అదే సరస్సుకి అల్బేనియా ఒడ్డున పుస్తెత్స్ అనే చోటు చూడు. అక్కడివాళ్ళది ఇదే భాష. అల్బేనియా వాళ్ళని మైనారిటీగా గుర్తించింది, కమ్యూనిస్టుల కాలం నుంచీ చిన్న తరగతుల్లో మాసిడోనియన్ చెప్తున్నారు. 2013లో ఆ పంచాయతీకి పాత స్లావిక్ పేరే తిరిగి పెట్టారు. జరిమానాల్లేవు, ప్రమాణాల్లేవు. మరి అక్కడ కుర్రాళ్ళు ఉన్నారా? పని వెతుక్కుంటూ గ్రీస్‌కి, ఉత్తర మాసిడోనియాకి, ఇంకా దూరాలకి వెళ్ళిపోతున్నారు. హక్కులున్న ఊరూ ఖాళీ అవుతోంది, లేని ఊరూ ఖాళీ అయింది. కొండ ఊళ్ళో బతుకుతెరువు లేకపోతే భాషకి ఎన్ని హక్కులిచ్చి ఏం లాభం?

కావేరి:

మాస్టారూ, పుస్తెత్స్ మీ వాదనకి కాదు, నా వాదనకి సాక్ష్యం. అక్కడి నుంచి వెళ్ళిన కుర్రాడు భాషని వెంట తీసుకెళ్తాడు. ఊళ్ళో ఉన్న పిల్ల బడిలో దాన్ని చదువుతుంది, రాస్తుంది. ఊరు చిన్నదవుతోంది, భాష తెగిపోలేదు. ఫ్లోరినా, కస్తోరియా వైపు నుంచి ఆస్ట్రేలియా వెళ్ళిన తరం భాషని తలుపు వెనక దాచుకుంది. శ్రీదేవి గారు చెప్పింది అదే కదా.

మీరు బతుకుతెరువు అంటున్నారు గనక ఇంకో విషయం. ప్రెస్పా చాలా ఏళ్ళు నిఘా ఉన్న సరిహద్దు ప్రాంతం, బయటివాళ్ళు రావాలంటే అనుమతి పత్రం కావాలి. అలాంటి చోట ఎవరు పెట్టుబడి పెడతారు? బతుకుతెరువు లేకపోవడం కూడా కొంత ప్రభుత్వం చేసిందే.

ఇది 1950లతో ముగిసిన కథ కాదు. 1990లో ఫ్లోరినాలో కొందరు 'మాసిడోనియన్ నాగరికతా నిలయం' అని సంఘం పెట్టుకోబోతే కోర్టులు రిజిస్టర్ చెయ్యనివ్వలేదు. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1998లో అది తప్పని తీర్పు చెప్పింది. ఉత్తర గ్రీస్‌లో సలోనికా నగరం దగ్గర అస్సిరోస్ అనే ఊళ్ళో జనం గ్రీకులుగా ఎలా మారారో అనస్తాసియా కరకసిదూ అనే మానవ శాస్త్రవేత్త రాసిన పుస్తకాన్ని, గ్రీస్‌లో తమ సిబ్బందికి ప్రమాదమని కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థ వెనక్కి ఇచ్చేసింది. 1997లో షికాగో విశ్వవిద్యాలయం వేసింది. జనం తమంతట తామే వదిలేసిన భాష అయితే దాని గురించి ఒక పుస్తకం వేయడానికి కూడా ఇంత టెన్షన్ ఎందుకు?

బాలు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2018లో ప్రెస్పా ఒప్పందం అయింది కదా, దాంతో ఏమీ మారలేదా? ఇప్పుడున్న అల్బేనియన్ పిల్లల సంగతేంటి?

రఘురాం వైజాగ్:

బాలూ, ఆ ఒప్పందం మీద 2018 జూన్ 17న సంతకాలు జరిగింది ఈ సరస్సు ఒడ్డునే, ప్సరాదెస్ అనే ఊళ్ళో. ఆ ఊరి పాత పేరు నివిత్సి, అదీ స్లావిక్ మాట్లాడిన ఊరే. పొరుగు దేశం పేరు ఉత్తర మాసిడోనియా అయింది. ఆ దేశపు అధికార భాషని గ్రీస్ 'మాసిడోనియన్ భాష'గా ఒప్పుకుంది, అది దక్షిణ స్లావిక్ భాష అని కూడా రాశారు. కానీ అది రెండు దేశాల మధ్య ఒప్పందం. గ్రీస్ లోపలి ఊళ్ళకి దాంతో కొత్తగా ఏ హక్కూ రాలేదు. గ్రీస్ గుర్తించే మైనారిటీ ఇప్పటికీ ఒక్కటే, లోజాన్ ప్రకారం థ్రేస్‌లోని ముస్లింలు. కావేరి గారు అడిగిన 1982 షరతు గురించి నా దగ్గర సమర్థన లేదు. భయం తీరాక కూడా చట్టం తీరకపోవడం అన్యాయమే. 1949 గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను.

అల్బేనియన్ పిల్లల విషయం: గ్రీకు బడికెళ్తారు, గ్రీకు మాట్లాడతారు. 2015 చట్టంతో అక్కడే చదువుకున్నవాళ్ళకి పౌరసత్వం వచ్చే దారి ఏర్పడింది. మొదటి తరంలో చాలామంది గ్రీకు పేర్లు పెట్టుకున్నారు. ఇది మాత్రం మాస్టారు చెప్పే పద్ధతిలోనే జరుగుతోందని నా అభిప్రాయం.

నల్లమల:

పేర్లు మార్చుకోకపోతే పని దొరుకుతుందో లేదో అన్న చోట అది పూర్తిగా ఇష్టపూర్వకం అని నేననలేను రఘురాం గారూ. అయినా అది వేరే చర్చ, విడిగా పెడదాం.

ఒక సంగతి చేర్చాలి. 1888లో ఈ ఊళ్ళో చర్చి కట్టేటప్పుడు ఒక రాతి పలక దొరికింది. సామ్యూల్ అనే రాజు తన తల్లిదండ్రుల పేరున, అన్న పేరున 993లో సిరిలిక్ లిపిలో చెక్కించింది. తేదీ ఉన్న సిరిలిక్ శాసనాల్లో అతి పాతవాటిలో ఒకటి. ఇప్పుడది సోఫియాలో ఉంది. ఆ శాసనం బల్గేరియాదా, మాసిడోనియాదా అని రెండు దేశాల పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు. ఈ ఊళ్ళో ఆ భాష మాట్లాడిన చివరి తరం గొంతులు ఎవరు రికార్డు చేశారని వెతికితే మాత్రం నాకు దొరికింది చాలా తక్కువ. 2022లో ఫ్లోరినా కోర్టులో 'మాసిడోనియన్ భాషా కేంద్రం' అని సంఘం ఒకటి రిజిస్టర్ అయింది, దాని మీదా వివాదం లేచింది. ఆ కేంద్రం చేయగలిగిన మొదటి పని ఈ రికార్డింగే అని నా ఉద్దేశం.

శ్రీదేవి గారూ, మెల్‌బోర్న్‌లో ఈ భాష నేర్చుకునే వీలుందా? ఆ పెద్దావిడ మనవలకి ఏమైనా వచ్చా?

శ్రీదేవి మెల్‌బోర్న్:

ఉందండీ. ఇక్కడ మాసిడోనియన్ బడిలో సబ్జెక్టుగా ఉంది, పన్నెండో తరగతి పరీక్ష కూడా రాయొచ్చు. ఆవిడ మనవరాలు పెద్దయ్యాక వెళ్ళి నేర్చుకుంది. కానీ బడిలో చెప్పేది ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యెలో స్థిరపడిన ప్రామాణిక భాష. బామ్మ మాటల్లో సగం పుస్తకంలో లేవని ఆ అమ్మాయే నాకు చెప్పింది. వంట మాటలు, పొలం మాటలు, చుట్టరికాల పిలుపులు వేరేగా ఉన్నాయట. బామ్మ మంచం పక్కన కూర్చుని ఫోన్లో కొంత రికార్డు చేసుకుంది, అర్థంకానివి బితోలా అమ్మాయిని అడిగి రాసుకుంది.

ఆ జిల్లాల నుంచి వచ్చిన ముసలివాళ్ళు మా దగ్గర ఇంకా కొందరున్నారు. చేరేటప్పుడు నింపే ఫారంలో "మాతృభాష" అని ఒకే గడి ఉంటుంది, అందులో పిల్లలు గ్రీకు అని రాసేస్తారు. "చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడిన భాష" అని ఇంకో గడి పెట్టమని మా మేనేజర్‌కి రాశాను. ఆలోచిస్తామన్నారు. మళ్ళీ అడుగుతాను.